గోరంత కారు... కొండంత ఊరట!

ప్లాస్టిక్ ముక్కలు అతికించి బుల్లి కారు తయారు చేయటం చూడటానికి పిల్లల ఆటలాగే ఉంటుంది. కానీ ఉద్యోగులు, రిటైరైనవారు కూడా దీన్ని ఇష్టంగా చేస్తుంటారు. చేతికి పని, మనసుకు తీరిక దొరికే హాబీ ఇది. అయితే అచ్చం అసలు కారులాగే ఉండి తీరాలన్న పట్టుదల ఎక్కడిదాకా మేలు? ఎక్కడి నుంచి చేటు? రంగులు, జిగుర్లు, బ్లేడ్లతో ఎలాంటి జాగ్రత్తలు తీసుకోవాలి?

పెట్టె తెరిస్తే లోపల కారు ఉండదు. కారు కాగల ముక్కలుంటాయి. గుత్తులకు కాయల్లా ప్లాస్టిక్ చట్రాలకు అంటిపెట్టుకొని ఉన్న సీట్లు, స్టీరింగు, సైలెన్సరు, అద్దాలు. నాలుగు రబ్బరు టైర్లు. నీటిలో నానబెట్టి అతికించే స్టిక్కర్లు. ఏది ఎక్కడ అమర్చాలో బొమ్మలతో చెప్పే కాగితం. ఒక్కో ముక్కను కత్తిరించి, అంచులు రుద్ది, రంగు వేసి, అతికించుకుంటూ పోతే కొన్ని వారాలకు రెండు అరచేతుల్లో ఇమిడే కారు తయారవుతుంది. దీన్నే స్కేల్ మోడల్ అంటారు.

ఇంట్లో ఎవరైనా ఇలాంటి కిట్ ముందు గంటల తరబడి కూర్చుంటే మిగతావాళ్లకు రెండు సందేహాలు వస్తుంటాయి. ‘ఇది మెదడుకు మంచిదేనా?’ అన్నది ఒకటి. ‘ఆ రంగుల వాసన పీలిస్తే ఏమీ కాదా?’ అన్నది రెండోది. రెండూ అడగాల్సిన ప్రశ్నలే. సమాధానాలు తెలియాలంటే ముందు ఈ బుల్లి కారు లెక్క ఏమిటో చూడాలి.

అసలును ఎంతకు కుదిస్తారు?

కార్ల కిట్లలో ఎక్కువగా కనిపించేవి 1:24, 1:25 కొలతలు. అసలు కారులో 24 సెంటీమీటర్లు ఉన్నది మోడల్‌లో ఒక్క సెంటీమీటరు అన్నమాట. ఒక అడుగును అర అంగుళానికి కుదిస్తే వచ్చేదే 1:24. అమెరికా కార్ల కంపెనీలు తమ డీలర్ల కోసం చేయించిన చిన్న నమూనాల నుంచి 1:25 స్థిరపడింది. రైలు బొమ్మల కొలత నుంచి 1:43 వచ్చింది. పిల్లల జేబుల్లో ఉండే లోహపు కార్లు దాదాపు 1:64.

మనకు తెలిసిన కార్లతో చూద్దాం. అంబాసిడర్ పొడవు దాదాపు 4.3 మీటర్లు. 1:24లో అది 18 సెంటీమీటర్లు, అంటే ఇంకా చెక్కని కొత్త పెన్సిల్ అంత. మారుతి 800 పొడవు దాదాపు 3.3 మీటర్లు. అది 14 సెంటీమీటర్లకు వస్తుంది.

ఇంతవరకు సులువే. చిక్కు చిన్న కొలతల దగ్గర మొదలవుతుంది. కారు తలుపుకూ బాడీకీ మధ్య సందు 4 మిల్లీమీటర్లు అనుకుంటే, మోడల్‌లో అది 0.17 మిల్లీమీటరు ఉండాలి. రెండు మూడు తలవెంట్రుకల మందం! ఇక రంగు సంగతి. కంపెనీలో కారుకు వేసే రంగు పొరలన్నీ కలిపినా మందం సుమారు 0.1 మిల్లీమీటరు. దాన్ని 24తో భాగిస్తే వచ్చేది 0.004 మిల్లీమీటరు. మన రక్తంలోని ఎర్రకణం వెడల్పు 0.007 నుంచి 0.008 మిల్లీమీటర్లు. అంటే లెక్క ప్రకారం మోడల్ మీద రంగు మందం ఎర్రకణంలో సగమే ఉండాలి. ఎంత చేయి తిరిగినవారైనా ప్రైమర్, రంగు, పైపూత మూడూ అంత పలచగా వేయలేరు. మెటాలిక్ రంగులోని మెరుపు రేణువులైతే ఎలాగూ చిన్నవి కావు. బుల్లి కారు మీద అవి కంకరరాళ్లంత కనిపిస్తాయి.

కాబట్టి నూటికి నూరుపాళ్లు అచ్చం అసలులా ఉండే మోడల్ అంటూ ఉండదు. ఇది చేతకానితనం కాదు, లెక్కే అంత.

కన్ను ఏది పట్టుకుంటుంది?

మరి పోలిక ఎక్కడి నుంచి వస్తుంది? దీనికి జవాబు మన కంట్లో ఉంది. చూపు బాగున్న కన్ను 30 సెంటీమీటర్ల దూరంలో పక్కపక్కనే ఉన్న రెండు చుక్కలను విడివిడిగా గుర్తించాలంటే వాటి మధ్య దాదాపు 0.1 మిల్లీమీటరు దూరం కావాలి. 1:24 లెక్కన అది అసలు కారులో రెండున్నర మిల్లీమీటర్లు. అదే మోడల్‌ను బీరువాలో పెట్టి మీటరు దూరం నుంచి చూస్తే, అసలు కారులో 7 మిల్లీమీటర్లకు లోపున్న వివరం కంటికి ఆనదు.

కానీ కంటికి ఇంకో శక్తి ఉంది. రెండు గీతలు ఒకే వరుసలో ఉన్నాయో లేదో పసిగట్టటంలో అది చాలా చురుకైనది. చుక్కలను విడదీసి చూసే శక్తి కన్నా ఇది ఎన్నో రెట్లు సూక్ష్మం. అందుకే డ్యాష్‌బోర్డు మీద మీటరు ముల్లు లేకపోయినా ఎవరూ గమనించరు. ఒక చక్రం కాస్త పైకి లేచినా, ముందు బంపరు ఓ పక్కకు ఒరిగినా ఇంటికొచ్చిన చుట్టాలు కూడా ఇట్టే పట్టేస్తారు.

దీన్నుంచి మోడల్ చేసేవారికి పనికొచ్చే సూత్రం ఒకటుంది. శ్రమనంతా కన్ను చూసేచోట పెట్టాలి. నాలుగు చక్రాలు నేలకు సమంగా ఆనటం, పైకప్పు ఒంపు, అంచుల వరుస, రంగు నున్నదనం సరిపోతే కారు పోలిక వచ్చేసినట్టే. ఇంజిను అడుగున కనిపించని తీగ కోసం రాత్రి ఒంటిగంట దాకా కూర్చోవటం కన్నుకు గానీ, కారుకు గానీ కలిసిరాదు. అది చేయటంలోనే సంతోషం ఉంటే చేసుకోవచ్చు. కానీ ‘చేయకపోతే తప్పు’ అనుకోవద్దు.

తయారీదారులదీ ఇదే తర్జనభర్జన

కచ్చితత్వమా, ఆనందమా అన్నది కిట్లు తయారుచేసే కంపెనీలకూ పాత ప్రశ్నే. జపాన్‌లోని షిజువోకాలో 1946లో కలప వ్యాపారంగా మొదలైన తమియా కంపెనీనే తీసుకోండి. 1960ల ఆరంభంలో వారు పాంథర్ యుద్ధట్యాంకు మోడల్ చేశారు. అది మోటారుతో నడవాలి, లోపల బ్యాటరీలు పట్టాలి. అలా బ్యాటరీల కోసం సైజు ఖాయం చేస్తే వచ్చిన కొలత 1:35. తర్వాత సైనిక వాహనాల మోడళ్లకు ప్రపంచమంతా అదే ప్రామాణికమైంది. అంటే ఇప్పుడు కచ్చితత్వానికి కొలబద్దగా వాడుతున్న అంకె, పిల్లలకు బొమ్మ నడిపే సరదా కోసం పుట్టింది!

అదే కంపెనీ మరో కొసకూ వెళ్లింది. పోర్షే 934 రేసు కారు మోడల్ కోసం సంస్థకు చెందిన షున్‌సాకు తమియా ఏకంగా పోర్షే 911 కారు కొని, విడగొట్టి, భాగాలన్నీ పరిశీలింపజేశారు. ఆ 1:12 మోడల్ 1976లో వచ్చింది. ఆ ఏడాదే అదే కారు రిమోట్‌తో పరుగెత్తే బొమ్మగానూ వచ్చింది. ఒకే కారును కొందరు అద్దాల బీరువాలో పెట్టుకున్నారు, కొందరు మైదానంలో గుద్దించుకుంటూ ఆడుకున్నారు.

అమెరికాలో ఏఎంటీ కంపెనీ 1958లో ఇంకో దారి చూపింది. ‘త్రీ ఇన్ వన్’ పేరుతో కిట్లు తెచ్చింది. ఒకే పెట్టెలోని ముక్కలతో షోరూములో ఉన్నట్టు చేసుకోవచ్చు, సొంత అలంకారాలతో మార్చుకోవచ్చు, లేదంటే రేసు కారుగా మలచుకోవచ్చు. ఏది సరైనదో పెట్టె చెప్పదు. ఎంచుకోవాల్సింది చేసేవారే. మన కొండపల్లి ఎడ్లబండిని ఎవరూ స్కేలు పెట్టి కొలవరు. అయినా చూడగానే మనసు పులకరిస్తుంది కదా!

మనసుకు ఏం చేస్తుంది?

మన శక్తికి కాస్త మించీ మించనంత కష్టమైన పని చేస్తున్నప్పుడు టైము తెలియదు. ఆకలి, ఆఫీసు, ఫోను వెనక్కి పోతాయి. మనస్తత్వ శాస్త్రవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ ఈ స్థితికి ‘ఫ్లో’ అని పేరు పెట్టారు. పని మరీ తేలికైతే విసుగు, మరీ కష్టమైతే ఆందోళన. రెండింటి మధ్య ఉన్నప్పుడే ఈ హాయి దొరుకుతుంది. ఒక్కో ముక్క అతికించినప్పుడల్లా ‘ఒకటి అయింది’ అన్న చిన్న తృప్తి కూడా తోడవుతుంది. ఆఫీసు పనిలో చాలామందికి దొరకనిది ఇదే.

పెద్దవయసువారి విషయంలో ఆధారాలూ ఉన్నాయి. 16 దేశాల్లో 65 ఏళ్లు పైబడిన సుమారు 93 వేల మంది సమాచారాన్ని పరిశీలించిన అధ్యయనం 2023లో వెలువడింది. ఏదో ఒక హాబీ ఉన్నవారిలో కుంగుబాటు లక్షణాలు తక్కువగా, సంతోషం, జీవితం పట్ల తృప్తి ఎక్కువగా ఉన్నట్టు అందులో తేలింది. అయితే ఇది అన్ని రకాల హాబీలకూ సంబంధించింది. హాబీ వల్లే ఆరోగ్యం బాగుందని దీంతో తేల్చి చెప్పలేం. ఆరోగ్యం బాగున్నవారే హాబీ పెట్టుకొని ఉండొచ్చు కూడా. కాబట్టి కారు కిట్ మతిమరుపును ఆపుతుందనో, బీపీ మాత్రలు మాన్పిస్తుందనో ఎవరైనా అంటే నమ్మొద్దు. మనసు తేలికపడటానికి ఇదో మంచి మార్గం. అంతవరకే.

హాబీ పరీక్షగా మారితే?

నిద్ర పట్టటం లేదంటూ ఒక రిటైర్డ్ ఉద్యోగి మా ఓపీకి వచ్చారు. బీపీ కాస్త ఎక్కువగా ఉంది. ఏం చేస్తుంటారని అడిగితే మోడల్ కార్ల గురించి చెప్పారు. ఎర్ర కారు ఒకటి ఎనిమిది నెలలుగా నడుస్తోంది. రంగు వేయటం, నచ్చక గీకేయటం, మళ్లీ వేయటం. ‘అసలు ఎరుపు రావటం లేదు సార్’ అన్నారు. ఆయనకు బీపీ చికిత్సతో పాటు ఇచ్చిన సలహా ఒక్కటే. ఆ కారును ఆ రంగుతోనే పూర్తిచేసి బీరువాలో పెట్టమని, రాత్రి తొమ్మిది తర్వాత బల్ల ముందు కూర్చోవద్దని. తర్వాతిసారి వచ్చినప్పుడు ఫోనులో మూడు కార్ల ఫొటోలు చూపించారు. మూడూ పూర్తయినవే.

మోడలర్లు దీన్ని సరదాగా ‘అడ్వాన్స్‌డ్ మోడలర్స్ సిండ్రోమ్’ అంటుంటారు. ఇది వైద్య పుస్తకాల్లో ఉండే జబ్బేమీ కాదు, వాళ్లు తమ మీద తాము వేసుకునే జోకు. కానీ అందులో నిజం ఉంది. మనస్తత్వ నిపుణులు పరిపూర్ణత కోసం తపనను రెండుగా చూస్తారు. బాగా చేయాలన్న ఉత్సాహం ఒకటి. తప్పు జరిగితే నేను పనికిరానివాణ్ననే భయం రెండోది. మొదటిది పనిని ముందుకు నడిపిస్తుంది. రెండోది ఆందోళనకు, కుంగుబాటుకు దారితీయొచ్చు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలియాలంటే ఇవి గమనించండి.

* మొదలుపెట్టినవి పెరుగుతున్నాయి, పూర్తయినవి లేవు.
* బల్ల ముందు నుంచి లేచేసరికి మనసు తేలికగా కాక చిరాకుగా ఉంటోంది.
* చేసినదాన్ని ఎవరికీ చూపించబుద్ధి కావటం లేదు. ఎవరైనా మెచ్చుకుంటే నమ్మకం కలగటం లేదు.
* నిద్ర, భోజనం, ఇంట్లోవాళ్లతో మాటలు తగ్గుతున్నాయి.
* చేయటం కన్నా కిట్లు కొనటమే ఎక్కువైంది.

వీటిలో రెండు మూడు ఉంటే కొన్నాళ్లు విరామం ఇవ్వండి. లేదా కావాలనే సులువైన, జిగురు లేకుండా నొక్కితే అతుక్కునే కిట్ ఎంచుకోండి. హాబీ ఆపినా ఇదే ధోరణి ఆఫీసులో, ఇంట్లో వేధిస్తుంటే, దిగులు వీడకపోతే మానసిక వైద్యులను కలవాలి. టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి ఉచితంగా మాట్లాడొచ్చు.

తల్లిదండ్రులకు ఓ మాట. మన పిల్లలకు మార్కులు, ర్యాంకులు ఎలాగూ ఉన్నాయి. సెలవుల్లో చేసుకున్న కారుకు కూడా మార్కులు వేయొద్దు. జిగురు మరకలున్న కారును చేతిలోకి తీసుకొని ‘ఇది వంకరగా ఉంది’ అని మొదలుపెడితే వాడు మరో కిట్ ముట్టుకోడు. ‘ఇందులో నీకు బాగా నచ్చిన భాగం ఏది?’ అని అడగండి. తప్పులు వాడే చెబుతాడు. పిల్లల మోడల్‌ను రాత్రిపూట రహస్యంగా సరిచేసే తండ్రులూ ఉంటారు. ఆ సరదా తీర్చుకోవటానికి ఇంకో కిట్ కొనుక్కోవటం మేలు.

చేయి, కన్ను చెప్పే సంగతులు

సన్నని బ్రష్ పట్టుకుంటేనే తెలిసే వణుకు ఉంటుంది. కాఫీ ఎక్కువైనా, నిద్ర తక్కువైనా, ఆస్తమాకు సాల్బుటమాల్ వాడుతున్నా చేయి కాస్త వణకటం మామూలే. కానీ కొత్తగా మొదలై వారాల తరబడి తగ్గని వణుకును పట్టించుకోవాలి. వణుకుతో పాటు బరువు తగ్గటం, గుండెదడ, చెమటలు ఉంటే థైరాయిడ్ పరీక్ష అవసరం. పని చేస్తున్నప్పుడు కాకుండా చేయి ఒడిలో ఊరికే ఉన్నప్పుడు వణుకుతున్నా, చేతిరాత చిన్నదవుతున్నా పార్కిన్సన్స్ జబ్బేమో చూపించుకోవాలి. ఉన్నట్టుండి ఒక చేయి పట్టు తప్పటం, మాట తడబడటం, మూతి వంకర పోవటం కనిపిస్తే అది పక్షవాతం కావొచ్చు. నిమిషం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాల్సి ఉంటుంది.

నలభై దాటాక దగ్గరి వస్తువులు మసకబారటం సహజం. ముక్కను దూరం జరిపి చూస్తున్నారంటే కళ్లద్దాల సమయం వచ్చినట్టే. తలకు పెట్టుకునే భూతద్దం, పక్క నుంచి పడే తెల్లని వెలుగు బాగా ఉపయోగపడతాయి. ప్రతి 20 నిమిషాలకు ఓసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడండి. మోడల్ మీదికి మెడ వంచే బదులు, ఓ పెట్టె మీద పెట్టి మోడల్‌నే పైకి ఎత్తుకోండి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి.

వాసన వస్తోందంటే... పీలుస్తున్నట్టే

కిట్ల ప్లాస్టిక్ ఎక్కువగా పాలీస్టైరీన్. దీని జిగురు పైన అంటుకోదు. రెండు అంచులనూ కరిగించి ఒకటి చేస్తుంది. ఆ కరిగించే ద్రావకాలు, రంగుల్లో కలిపే థిన్నర్లు ఆవిరై గాల్లో కలుస్తాయి. ఎక్కువగా పీలిస్తే తలనొప్పి, కళ్లు తిరగటం, వికారం, ఆస్తమా ఉన్నవారికి ఆయాసం రావొచ్చు.

* ఏసీ గదిలో, తలుపులు మూసి రంగు వేయొద్దు. సీలింగ్ ఫ్యాను వాసనను తిప్పుతుందే గానీ బయటికి పంపదు. కిటికీ తెరిచి గాలి బయటికి పోయేలా చూడండి. స్ప్రే చేయాలంటే బాల్కనీ, డాబా మేలు.
* మామూలు సర్జికల్ మాస్కు, గుడ్డ మాస్కు ఆవిర్లను ఆపవు. స్ప్రే చేసేవారు ఆవిర్లను పీల్చుకునే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు వాడాలి.
* థిన్నర్లు త్వరగా అంటుకుంటాయి. గ్యాస్ పొయ్యి, దేవుడి దగ్గర దీపం, అగరుబత్తి దరిదాపుల్లో వద్దు.
* ఉప్పుకాగితంతో రుద్దేటప్పుడు నీళ్లు తడిపి రుద్దితే దుమ్ము లేవదు.
* గర్భిణులు, చిన్నపిల్లలు, ఆస్తమా ఉన్నవారు స్ప్రే చేసేచోట ఉండొద్దు.
* పిల్లలకు నీటితో కలిపే యాక్రిలిక్ రంగులు ఇవ్వండి. వాటికీ గాలి ఆడాల్సిందే.

థిన్నర్‌ను ఖాళీ నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఎన్నడూ ఉంచొద్దు. నీళ్లనుకొని తాగేసిన పిల్లలను, పెద్దలను ఆసుపత్రుల్లో చూస్తూనే ఉంటాం. అలా జరిగితే ఉప్పునీళ్లు తాగించో, గొంతులో వేలు పెట్టో వాంతి చేయించొద్దు. వాంతితో పాటు థిన్నర్ ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రమాదకరమైన న్యుమోనియా వస్తుంది. సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి.

టీనేజీ పిల్లలున్న ఇంట్లో మరో సంగతి గుర్తుంచుకోవాలి. జిగురును మత్తు కోసం పీల్చే అలవాటు 1960ల్లో అమెరికాను కుదిపేసింది. పీల్చలేకుండా చేయటానికి టెస్టర్స్ కంపెనీ ఆ దశాబ్దం చివర్లో జిగురులో ఆవాల ఘాటునిచ్చే నూనె కలిపింది. ఇలాంటి ద్రావకాలను మత్తుకోసం పీలిస్తే గుండె లయ తప్పి అప్పటికప్పుడే ప్రాణం పోవచ్చు. జిగురు ట్యూబులు పని కన్నా వేగంగా అయిపోతుంటే, పిల్లల బట్టల్లో, ఊపిరిలో ఘాటు వాసన వస్తుంటే తిట్టకుండా కూర్చోబెట్టి మాట్లాడండి. డాక్టరుకు చూపించండి.

గాయమైతే ఏం చేయాలి?

బ్లేడు తెగితే: శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టాలి. సబ్బు నీటితో కడగాలి. పసుపు, కాఫీ పొడి అద్దొద్దు. గాయం లోతుగా ఉన్నా, వేలు మొద్దుబారినా, వంగకపోయినా ఆసుపత్రికి రావాలి. టెటనస్ టీకా ఎప్పుడు వేయించుకున్నారో డాక్టరుకు చెప్పాలి.

సూపర్ గ్లూతో వేళ్లు అతుక్కుంటే: లాగొద్దు. గోరువెచ్చని సబ్బు నీటిలో నానబెట్టి మెల్లగా దొర్లిస్తూ విడదీయాలి. కంట్లో పడితే నీటితో కడిగి, రెప్పలను బలవంతంగా తెరవకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఈ జిగురును దూదితో, నూలు గుడ్డతో తుడవొద్దు. నూలు తగిలితే అది వేడెక్కి చర్మం కాలుతుంది. చేతికి నూలు గ్లవుజులూ వద్దు.

మధుమేహం ఉంటే: అరికాళ్లకు స్పర్శ తగ్గినవారికి కింద పడ్డ ప్లాస్టిక్ ముక్క, విరిగిన బ్లేడు మొన గుచ్చుకున్నా తెలియదు. ఇంట్లో చెప్పుల్లేకుండా తిరగటం మనకు అలవాటు. పని కింద పళ్లెం పెట్టుకొని చేయండి, లేవగానే నేల ఊడ్చండి, పడుకునేముందు పాదాలు చూసుకోండి. వాడిన బ్లేడ్లను మూత ఉన్న డబ్బాలో వేయండి.

పసిపిల్లలుంటే: చిన్న ముక్కలు గొంతులో అడ్డుపడతాయి. లైట్ల కోసం వాడే గుండ్రటి బటన్ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవటం మొదలవుతుంది. నొప్పి ఉన్నా లేకున్నా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

కొత్తగా మొదలుపెడుతుంటే...

మన దగ్గర దొరికేవి ఎక్కువగా దిగుమతి కిట్లే. మంచివి వేల రూపాయలు ఉంటాయి. కాబట్టి మొదటిది ఖరీదైనది వద్దు. ముక్కలు తక్కువున్నది, లేత రంగుది తీసుకోండి. నల్ల రంగు మీద ప్రతి దుమ్ము కణమూ కనిపిస్తుంది. ఒక నిప్పర్, ఒక బ్లేడు, ఉప్పుకాగితం, ట్వీజర్, జిగురు, రెండు మూడు రంగులు చాలు. రోజుకు గంట చాలు.

మొదలుపెట్టేముందే ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి. ఈ కారులో ఏ మూడు చోట్ల శ్రద్ధ పెడతాను? చక్రాల వరుస, రంగు నున్నదనం, ముందు భాగం... ఇలా ఏవైనా సరే. మిగతా చోట్ల పెట్టెలో వచ్చినట్టే చేసేయండి. తర్వాతి కారుకు ఇంకో మూడు ఎంచుకోండి. నైపుణ్యం అలాగే పెరుగుతుంది. పూర్తయ్యాక కారు అడుగున సన్నని పెన్నుతో తేదీ వేయండి. అయిదో కారు చేశాక మొదటి కారును పక్కన పెట్టి చూస్తే ఎంత దూరం వచ్చారో మీకే తెలుస్తుంది. ఆ మొదటి కారు వంకరగా ఉంటే ఉండనివ్వండి. సరిచేయొద్దు.